బంగారయ్య చెయ్యి

కలకత్తా రేవు పక్కన మా తెలుగువాళ్ల వాట్‌గంజ్ సందులో ఎవరికైనా దెబ్బ తగిలితే డాక్టరు కన్నా ముందు జనం వస్తారు. చేతిలో అరటిపళ్లు, మరీ దగ్గరివాళ్లైతే సందేశ్ మిఠాయి డబ్బా. వచ్చి మంచం అంచున కూర్చుని, టీ గ్లాసు అందుకుని, అందరూ ఒకటే మాట అడుగుతారు. "ఏటయిందిరా? మొదట్నించీ సెప్పు." దీన్ని పరామర్శ అంటారు. నా ఉద్యోగం మెదడు మీద పరిశోధన కాబట్టి నేను దీన్ని వేరే పేరుతో పిలుస్తాను. అది పెద్దల ముందు అనే పేరు కాదు.

మా ధర్మారావు మావయ్యకి ఈ పరామర్శ నెల దాటినా ఆగలేదు. అతను రేవులో సిగ్నల్‌మాన్. క్రేను నడిపే మనిషి ఎక్కడో పైన గదిలో కూర్చుంటాడు, కింద సరుకు పక్కన ఎవరున్నారో అతనికి కనబడదు. కింద నిలబడి అతనికి కళ్లుగా ఉండేవాడు సిగ్నల్‌మాన్. "హాబీస్" అంటే ఎత్తు, "ఆరియా" అంటే దించు. రేవులో ఏ భాషవాళ్లైనా ఈ రెండు మాటలూ పుట్టుకతో వచ్చినట్టే వాడతారు. ఆ రోజు ఓడలోంచి ఇనప గొట్టాల కట్ట దిగుతోంది. దిగుతూ దిగుతూ పడిపోయింది. కింద పనిచేస్తున్న రాజా కాలు నలిగింది. రాజాకి పోయినేడే పెళ్లయింది. అతన్ని ఆ పనిలో పెట్టించింది మావయ్యే.

ఆసుపత్రిలో రాజా దగ్గరికి భార్యని తప్ప ఎవర్నీ రానివ్వలేదు. వార్డుకి మార్చాక కూడా పుండు చీము పడుతుందని జనాన్ని గుమ్మంలోనే ఆపేశారు. అక్కడ తలుపు మూస్తే సందులో జనం ఊరుకుంటారా? ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు అందరూ వచ్చి మావయ్య మీద పడ్డారు.

నేను ల్యాబు దగ్గరే గది తీసుకుని ఉంటాను, ఆదివారాలు వాట్‌గంజ్ వస్తాను. మావయ్య ఎప్పుడు ఫోను చేసినా "ఓవర్" అని పెట్టేస్తాడు. వాకీటాకీ పట్టుకుని పట్టుకుని అబ్బిన అలవాటు. "తిన్నావేటి? సరే. ఓవర్." ప్రమాదం జరిగాక ఆ మాట మానేశాడు. దిగులుగా ఉన్నాడు కదా అనుకున్నాను.

ఆ ఆదివారం వెళ్లేసరికి మంచం మీద బంగారయ్య తాత ఉన్నాడు. రిటైరైన సిగ్నల్‌మాన్, మావయ్యకి పని నేర్పిన గురువు. ఎండైనా వానైనా భుజం మీద ఎర్ర గళ్ల తుండుగుడ్డ, ఇక్కడ గంఛా అంటారు, అది లేకుండా గడప దాటడు. ప్రతి సాయంత్రం వస్తున్నాడట. అన్నపూర్ణత్త టీ గ్లాసులు కడుగుతూ నా చెవిలో గొణిగింది. "ఈ పాలకీ పంచదారకీ నాను టీ కొట్టు ఎట్టుకున్నా బాగుండునే."

"మొదట్నించీ సెప్పరా," అన్నాడు తాత, ఇదే మొదటిసారి వింటున్నవాడిలా.

మావయ్య చెప్పాడు. "కట్ట దిగతంది. రాజా కిందే ఉన్నాడు. నాను సూసుకోనేదు. సెయ్యి దించీసేను. అంతే, కట్ట ఆడి కాలి మీదికి ఒచ్చీసింది."

"బాధపడకురా," అన్నాడు తాత. "నాకూ ఇలాగే అయింది గదా. ఆ రోజుల్లో నానూ సూసుకోకుండా సెయ్యి దించీసేను. ఒక కూలీ సేతి ఏళ్లు పోయినాయి. ఇప్పటికీ కళ్లల్లోనే ఉంది. ఏటి సేస్తాం, మన సెయ్యే ఒక్కోపాలి మన మాట ఇనదు." అలా మొదలుపెట్టి తన కథ కూడా చివరిదాకా చెప్పాడు. ఓదార్చడానికే చెప్పాడు. తాత చాలా మంచివాడు. నాకెప్పుడూ మంచివాళ్లతోనే చిక్కు.

తాత వెళ్లాక మావయ్య అసలు మాట చెప్పాడు. "ఒచ్చే సోమవారం కంపెనీ ఇచారణ. నాను ఒప్పీసుకుంటానే, మైథిలీ."

ఒప్పుకుంటే కంపెనీకి పండగ. తప్పు సిగ్నల్‌మాన్‌దైతే క్రేనుకున్న పాత ఇనప తాడు సంగతి ఇక ఎవరూ అడగరు. మావయ్య ఉద్యోగం పోతుంది, ఇంకే రేవులోనూ రానివ్వరు. అతని బాధ అది కూడా కాదు. "ఆడి పెళ్లానికి నా మొకం ఎలాగ సూపించనే?" అన్నాడు. రాజా ఉన్న ఆసుపత్రి గుమ్మం దాకా కూడా ఒక్కసారి వెళ్లలేదు.

"మావయ్యా, కళ్లు మూసుకుని ఆ క్షణం చూడు. నీకేటి కనబడుతోంది?"

"నానే. ఎదురుగా నిలబడ్డాను. సెయ్యి సాపి ఉంది, అరసెయ్యి కిందికి. బుజం మీద గంఛా."

"నువ్వు నీకు కనబడుతున్నావా?"

"కనబడకేటి? అద్దంలో సూసినట్టు."

ఎవరి కళ్లతో వాళ్లు చూసిన దాంట్లో వాళ్ల మొహం ఉండదు. అయితే నిజంగా జరిగినవి గుర్తొచ్చేటప్పుడు కూడా ఒక్కోసారి మనం మనకి బయటినుంచి కనబడతాం. కాబట్టి అదొక్కటే పట్టుకుని ఎగిరిపడే రకాన్ని కాదు నేను. కానీ గంఛా ఏమిటి? రేవులో హెల్మెట్టూ, మెరిసే పట్టీల చొక్కా వచ్చాక మెడ చుట్టూ గుడ్డ ముక్క కనిపిస్తే గేటు దగ్గరే ఆపేస్తారు. పైగా ఇంతసేపు చెప్పిన కథలో ఆ "ఓవర్" వస్తువు ఎక్కడ? మావయ్య చేతిలో అది లేని రోజు నేను చూడలేదు.

ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. నాకు నోరు ఎక్కువ, సందంతా ఎరుగుదురు. అయినా మింగేశాను. నీ చేతిలో వాకీటాకీ ఉంది మావయ్యా అంటే వెంటనే నమ్ముతాడు. రేపటికల్లా అది కూడా అద్దంలో చూసినట్టు కనబడుతుంది. అప్పుడు నాకూ బంగారయ్య తాతకీ తేడా ఏముంది? నేను కూడా పరామర్శకి వచ్చినదాన్నే అవుతాను.

వంటగదిలో అత్తకి మాత్రం కొంత చెప్పాను. భయం వేసినప్పుడు మెదడులో బాదంగింజంత ముక్క, అమిగ్డాలా అంటారు, గంట కొట్టినట్టు ఒళ్లంతా లేపుతుంది. అప్పుడు కళ్ల ముందున్న ఘోరం జ్ఞాపకంలో చెక్కినట్టు పడిపోతుంది. పక్కనున్నవి సరిగా పడవు. చేతిలో ఏముందో, నోటితో ఏమన్నామో, అక్కడ ఖాళీలు మిగులుతాయి. తర్వాత గుర్తు తెచ్చుకున్నప్పుడల్లా ఆ జ్ఞాపకం కాస్త మెత్తబడి మళ్లీ గట్టిపడుతుంది. మెత్తగా ఉన్నప్పుడు ఎవరేమంటే అది కలిసిపోవచ్చు.

"పులుసు ఏడి సేసినప్పుడల్లా ఒచ్చినోలు తలో సిటికెడు ఉప్పు ఏసినట్టు," అంది అత్త.

"అదే. ఇంక ఈ వారం ఎవరికోసమూ పులుసు వేడి చెయ్యొద్దు. మావయ్య ఆ కథ ఎవరికీ చెప్పకూడదు."

"ఒచ్చినోలు ఏటనుకుంటారే?"

"నన్ను అనుకోమను."

సెలవు పెట్టి, గుమ్మం దగ్గర ముక్కాలి పీట వేసుకుని కూర్చున్నాను. టీ తాగొచ్చు, క్రికెట్ మాట్లాడొచ్చు, ఇలిష్ చేప ధర మీద ఎంతసేపైనా ఏడవొచ్చు. ప్రమాదం మాట ఎత్తితే గ్లాసు వెనక్కి తీసుకుంటాను. సందు గుప్పుమంది. చదువుకున్న పొగరు అన్నారు. చదువుకున్నదానికి ఆ మాత్రం లేకపోతే ఎలా అన్నాను. బెంగాలీ పక్కింటావిడ ఒక్కర్తే నా పక్షం. ఆవిడకి మా జనం చెప్పులు గుమ్మానికి అడ్డం.

బంగారయ్య తాత చిన్నబుచ్చుకున్నాడు. "పరామర్శకి ఒచ్చినోడి నోరు నొక్కడం పాపమే, గుంటా."

"ఆ పాపం నా పేరున రాయించు తాతా. ఇలిష్ ఎంతకొచ్చింది?"

తాత చేప గురించి కాసేపు మాట్లాడాడు. తర్వాత మాటలు అయిపోయాయి. టీ మిగిల్చి లేచి వెళ్లిపోయాడు. మర్నాడు రాలేదు. గురువుని గుమ్మం బయట పెట్టానని అత్త నాతో ఒక పూట మాట్లాడలేదు. నాకూ మనసు చివుక్కుమంది, కానీ పీట మాత్రం తియ్యలేదు.

వారం సగం గడిచేసరికి మావయ్య నిద్రపోవడం మొదలుపెట్టాడు. టీ చివరిదాకా తాగుతున్నాడు. నన్ను మాత్రం ఒకటే అనుమానం తొలిచేది. ఒకవేళ నిజంగానే తప్పు చేసి ఉంటే? చేతితో కాకపోయినా, నోటితో "ఆరియా" అని ఉంటే? అని ఉంటే ఒప్పుకుంటాడు, నేను పక్కన నిలబడతాను. కానీ మనిషి ఒప్పుకుంటే తన తప్పు ఒప్పుకోవాలి, అరువు తెచ్చుకున్నది కాదు. అలా అనుకుంటే నాకు ధైర్యం చిక్కేది.

శనివారం పొద్దున్న మావయ్యని డాబా మీదికి తీసుకెళ్లాను. అక్కడినుంచి రేవు క్రేన్ల తలలు కనిపిస్తాయి, ఓడల కూత వినిపిస్తుంది. "ఆ రోజు ఒంటి మీద ఏవున్నాయో అవన్నీ వేసుకురా," అన్నాను. బరువు బూట్లు, పసుపు హెల్మెట్టు, పట్టీల చొక్కా వేసుకున్నాడు. వేసుకుని భుజం తడుముకున్నాడు.

"నా గంఛా ఏదే?" అని అత్తని అడిగాడు.

అత్త బట్టలు ఆరేస్తోంది. "నీకు గంఛా ఎక్కడిది? తువ్వాలు కప్పుకుంటేనే దురద అంటావు. గంఛా బంగారయ్య మావది."

మావయ్య భుజం మీద చెయ్యి అలాగే ఉంచుకుని నిలబడిపోయాడు. నేను నోరు విప్పలేదు. విప్పకుండా ఉండటానికి డాబా పిట్టగోడ గట్టిగా పట్టుకున్నాను.

"మావయ్యా, ఏదీ గుర్తు తెచ్చుకోకు," అన్నాను కాసేపటికి. "అదిగో, ఆ క్రేను ఏదో దించుతోంది. నువ్వు డ్యూటీలో ఉన్నావనుకుని చూడు. చాలు."

మనం చెప్పుకునే కథలు మెదడులో ఒక చోట ఉంటే, చేతికి అబ్బిన అలవాట్లు ఇంకో చోట ఉంటాయి. సైకిలు తొక్కడం ఎవరి కబుర్లు విన్నా మారిపోదు. పరామర్శలు అక్కడిదాకా వెళ్లలేవని నా నమ్మకం. దూరాన క్రేను మెడ కదిలింది. మావయ్య కళ్లు దాని వెంటే వెళ్లాయి. కుడిచెయ్యి తనంతట తనే పైకి లేచి గడ్డం దగ్గర ఆగింది. వేళ్లు ఉత్త గాలిని పట్టుకుని ముడుచుకున్నాయి, బొటనవేలు ఒకటే నొక్కుతోంది.

"అదేటి, సేతిలో ఏదో ఉన్నట్టు అలా నొక్కుతున్నావు?" అంది అత్త, తడి లుంగీ చేత్తో పట్టుకుని.

మావయ్య తన బొటనవేలి వంక చూసుకున్నాడు.

"వాకీటాకీ," అన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు. మొహం తెల్లబోయి ఉంది. "మైథిలీ, మా ఓడ కట్టే బెర్తులో సేతి సిగ్నలు ఎక్కడిదే? ఎత్తీసి శానా ఏళ్లయింది. డ్రైవరుకి నాను కనబడితే గదా. మరి నాను సెయ్యి దించడమేటి?"

"నువ్వే చెప్పు."

"దించలేదు." గట్టిగా ఊపిరి తీసుకున్నాడు. "ఆ సెయ్యి నాది కాదే. సిన్నప్పుడు పని నేర్సుకుంటూ ఎదురుగా నిలబడి సూసిన సెయ్యి అది. బంగారయ్య మావ సెయ్యి."

"మరి వాకీటాకీలో ఏమన్నావు?"

కళ్లు మూసుకున్నాడు. కనురెప్పల కింద గుడ్లు కదిలాయి. "తెలీదే. కట్ట తెలుస్తంది. ఆడి బూటు తెలుస్తంది. మధ్యన ఏటీ లేదు. ఆరియా అనే ఉంటాను."

"ఉంటాను అనకు."

"మరేటనాలి?"

"తెలీకపోతే తెలీదనే అను. ఖాళీ ఉంటే ఖాళీగా వదిలెయ్. అందులో ఎవర్నీ అడుగు పెట్టనివ్వకు, నన్నూ పెట్టనివ్వకు."

మావయ్య నీళ్ల ట్యాంకు గట్టు మీద కూర్చుని ఏడ్చాడు. నాకు అతన్ని గట్టిగా పట్టుకుని, నువ్వేమీ చెయ్యలేదు మావయ్యా అని చెప్పాలనిపించింది. ఆ సంగతి నాకు తెలీదు, కాబట్టి అనలేదు. ఇన్నేళ్ల చదువులో అంత కష్టమైన పని నేనెప్పుడూ చెయ్యలేదు.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాను. రాజా వాంగ్మూలం అయ్యేదాకా ఆసుపత్రి వైపు వెళ్లకూడదు. ఒకరి కథ ఒకరికి అంటుకోకూడదు. "నీకు గుండె లేదే," అంది అత్త. ఉందని వాదించలేదు.

సోమవారం విచారణ గదిలోకి నన్ను రానివ్వలేదు. లోపల జరిగింది మావయ్య ఆ తర్వాత నాకు చెప్పాడు. వాకీటాకీ తన చేతిలో ఉందన్నాడట. కట్ట పడటం చూశానన్నాడట. ఆ మధ్యలో తనేమన్నాడో గుర్తు లేదని, గుర్తున్నట్టు చెప్పడం తన వల్ల కాదని అన్నాడట. అధికారి ఊరుకోలేదు. "చెయ్యి దించేశానని ఊరంతా చెప్పుకున్నావట కదా?" అని హిందీలో నిలదీశాడు.

"అది నా చెయ్యి కాదు సార్," అన్నాడట మావయ్య. గదిలో ఎవరో నవ్వారు. మావయ్య మాత్రం నవ్వలేదు, సంతకం పెట్టి బయటికి వచ్చాడు. ఆ మధ్యాహ్నమే ఇద్దరు అధికారులు ఆసుపత్రికి వెళ్లి రాజా మాట కూడా రాసుకున్నారు.

ఆ సాయంత్రం మేం ఆసుపత్రికి బయల్దేరుతుంటే సందు మొగలో బంగారయ్య తాత ఎదురయ్యాడు. మొహం పక్కకి తిప్పుకున్నాడు. మావయ్యే వెళ్లి చెయ్యి పట్టుకుని జరిగిందంతా చెప్పాడు. నేను గుండె గుప్పిట్లో పెట్టుకుని నిలబడ్డాను. పెద్దాయన్ని పట్టుకుని నీ చెయ్యి నా బుర్రలోకి వచ్చిందని చెబితే ఎలా ఉంటుంది?

తాత గంఛాతో కళ్లు తుడుచుకున్నాడు. "ఇన్నాళ్లూ నిన్ను ఓదారుస్తున్నాననుకున్నానురా. నా బరువు నీ మీద ఎట్టీసేనేటి?"

"తెలిసి ఎట్టినావా మావా?"

"తెలిసినా తెలీకపోయినా ఆ సెయ్యి నాది. నాది నాకిచ్చీ," అన్నాడు తాత. అని మాతో పాటే ఆటో ఎక్కాడు.

పుండు మానుతోందని వార్డులో ఆ రోజునుంచే జనాన్ని వదలడం మొదలుపెట్టారు. రాజా కాలికి ఇనప చట్రం బిగించి ఉంది. తాత అలవాటు కొద్దీ మంచం అంచు దాకా వెళ్లి నోరు తెరిచాడు. నా వంక చూశాడు. నోరు మూసుకుని అరటిపళ్లు బల్ల మీద పెట్టాడు.

మావయ్య మంచానికి దూరంగా నిలబడిపోయాడు. మొదట మాట్లాడింది రాజాయే.

"ఏటి మావా, ఇన్నాళ్లకి దారి తెలిసిందేటి? నీ మీద నాకు సెడ్డ కోపంగా ఉంది."

మావయ్య తల దించుకున్నాడు. "ఉంటాదిరా. ఉండాలి."

"ఉండదా మరి? మనిషి పేనాలు కాపాడి, బతికున్నాడో సచ్చేడో కనుక్కోడానికి గుమ్మం దాకానైనా రావా?"

మావయ్య తలెత్తాడు. "ఏటన్నావు?"

"ఏటనడమేటి మావా, అరిసింది నువ్వే గదా. ముందు ఆ డబ్బాలో 'బస్, బస్' అన్నావు. కట్ట ఆగింది. ఆగి, పైన తాడు పటపటలాడింది. అప్పుడు 'ఒరే రాజా, ఇవతలకి దూకరా' అని ఒక్క అరుపు అరిసినావు. నాను దూకుతుండగా తాడు తెగిపోయింది. కాలొక్కటే ఎనకబడింది. నువ్వు అరవకపోతే నా తలకాయి ఉండేదేటి? మజ్జానం ఒచ్చిన ఆపీసర్లకి కూడా అదే సెప్పేను."

నెల పైగా రాజా దగ్గరికి భార్య తప్ప ఎవరూ రాలేదు, ఆ రోజు మాటెత్తితే ఆవిడ చెవులు మూసుకునేదట. ఎవరూ మొదట్నించీ చెప్పమనలేదు, ఎవరూ ఉప్పు వెయ్యలేదు. అది నాకు ఒక్క క్షణంలో తట్టింది. క్రేను డ్రైవరు కామేష్ లాయరు మాట విని అప్పటిదాకా ఎవరితోనూ పెదవి విప్పలేదు. విచారణలో వాకీటాకీలో "బస్" అని విన్నానని అతనూ చెప్పాడని ఆ తర్వాత తెలిసింది. ఆ సాయంత్రం మాత్రం మా దగ్గరున్నది రాజా మాటొక్కటే.

మావయ్య మంచం దగ్గరికి వచ్చి ఇనప చట్రం మీద మెల్లగా చెయ్యి వేశాడు. ఆ అరుపు కోసం లోపలంతా వెతుక్కుంటున్నాడని నాకు తెలుస్తోంది. అవును, అరిచాను అనడం ఎంత సుఖం! అనేస్తాడని భయపడ్డాను.

"నాకు గుర్తు లేదురా, రాజా," అన్నాడు.

"ఒక్క ముక్క కూడానా?"

"ఒక్క ముక్క కూడా లేదు."

అత్త కొంగు నోట్లో కుక్కుకుంది. రాజా కాసేపు మావయ్య మొహంలోకి చూశాడు. తర్వాత పక్కకి కొంచెం జరిగి మంచం మీద చోటు చేశాడు.

"పోనీలే మావా. నాకుంది గదా. నీకు కావలిసినప్పుడల్లా రా, మొదట్నించీ సెప్తాను."

ఈసారి నేనేమీ అనలేదు.